ఎడమవైపు ఎనిమిది గ్రాములు

రెండు సూదిమొనలు. వాటి మీద ఒక కారు.

ఊగుతోంది.

కిటికీ మూసి ఉంది. ఫ్యాను ఆపేసి ఉంది. ఆమె ఊపిరి కూడా కాస్తకాస్తగా వదులుతోంది. గట్టిగా వదిలితే కారు ఒరిగిపోతుంది. అప్పుడు తప్పు ఊపిరిదో బ్యాటరీదో తేల్చడం కష్టం.

మూరెడు కారు. నిజం కారులో పదోవంతు. రిమోటుతో నడుస్తుంది. బరువు పదమూడువందల యాభై గ్రాములకు తగ్గితే పందెంలోకి రానివ్వరు. ఒక పక్క బ్యాటరీ, ఇంకో పక్క మోటారు. అడుగున సరిగ్గా నడిమధ్య ముందొక మొన, వెనకొక మొన ఆనిస్తే, ఏ పక్క బరువుంటే ఆ పక్కకు వాలుతుంది. రెండో పక్క చిన్న సీసం ముక్క అంటించాలి. మళ్ళీ చూడాలి. మళ్ళీ...

ఎటూ వాలకుండా నిలిచిపోయే క్షణం ఒకటుంటుంది.

ఆమె శనివారాలన్నీ ఆ క్షణానికే.

ఆమె తూనికలు-కొలతల ఇన్‌స్పెక్టరు. వారమంతా కొట్లలో తక్కెళ్ళు పరీక్షిస్తుంది. పళ్ళెం కింద అంటించిన అయస్కాంతాలు, అడుగు తొలిచేసిన తూకపు రాళ్ళు, ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ఆమె వీధి మొదట్లో కనబడిందంటే చివరి కొట్టుదాకా తక్కెళ్ళన్నీ బుద్ధిమంతులైపోతాయి.

"నిన్ను చూస్తే నా బొజ్జ కూడా లోపలికి పోతుందే," అంటాడు అన్న.

అన్న నడుపుతాడు. చెల్లెలు తూస్తుంది. పన్నెండేళ్ళుగా ఇంతే. ఆమె సమం చేసి ఇచ్చిన కారును అన్న మళ్ళీ తూచడు. పైతొడుగు ఎత్తి కూడా చూడడు.

అంత నమ్మకం.

అలాంటి అన్నకు పక్షవాతం వచ్చింది.

చిన్నదే అన్నాడు డాక్టరు. మాట పోలేదు. కాలు వారంలో దారికొచ్చింది. ఎడమ చెయ్యి మాత్రం... వస్తుంది, అన్నాడు. మొదటి ఆరునెలలూ దానిచేత ఎంత పని చేయిస్తే అంత వస్తుంది. ఆ తర్వాత వచ్చేది తక్కువ.

వదిన ఒక మెత్తటి బంతి కొనుక్కొచ్చింది. పొద్దున వంద సార్లు. సాయంత్రం వంద సార్లు.

నొక్కు. వదులు. నొక్కు. వదులు.

మూడో నెలాఖరుకు అన్న మళ్ళీ ట్రాకుకు వచ్చాడు. రిమోటు పట్టుకునేది ఎడమ చేత్తోనే. ట్రిగ్గరు మీద ఎడమ చూపుడువేలు. నొక్కితే కారు పరిగెడుతుంది, వదిలితే నెమ్మదిస్తుంది. నొక్కడం వచ్చేసింది ఆ వేలికి. వదలడమే ఆలస్యం.

ఖాళీ గోదాములో తివాచీ పరిచి చేసిన ట్రాకు. ఇరుకు మలుపులన్నీ ఎడమకే. నాలుగు. వేలు వదిలేలోపే కారు వెళ్ళి అంచు చెక్కకు కొట్టుకునేది.

టక్.

టక్.

మొదటి ఆదివారం అన్న నవ్వాడు. రెండో ఆదివారం నవ్వలేదు. మూడో ఆదివారం రిమోటు సంచిలో పెట్టి, జిప్పు లాగి, "ఇది ఎవరికైనా ఇచ్చేద్దామే," అన్నాడు.

"ఇంకొక్క ఆదివారం చూద్దాం, అన్నయ్యా," అంది ఆమె.

తర్వాతి శనివారం మధ్యాహ్నం కారును సూదుల మీద పెట్టింది. సమం చేసింది. కారు నిలబడింది, చక్కగా, ఎప్పటిలాగే. అప్పుడు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, సమంగా ఉన్నదానికి సీసం అంటించింది.

ఎడమ పక్క. ఎనిమిది గ్రాములు.

కారు ఎడమకు వాలింది.

ఎడమ బరువుంటే ఎడమ మలుపులో కారు చప్పున లోపలికి తిరుగుతుంది. వేలు ఆలస్యం చేసినా గట్టెక్కుతుంది. కుడి మలుపులో కాస్త మొరాయిస్తుంది, కానీ అవి వెడల్పు మలుపులు. ఎవరికీ తెలియదు. పళ్ళెం కింద అయస్కాంతం అంటించేవాడికి చెయ్యి వణుకుతుందేమో అనుకునేది ఇన్నాళ్ళూ.

వణకదు.

ఆ తర్వాత, అలవాటు కొద్దీ, కారు సంగతులు రాసే పుస్తకం తెరిచింది. తేదీ వేసింది. "ఎడమ – ఎనిమిది గ్రాములు – అదనం" అని రాసింది. రాయకుండా ఉండలేకపోయింది. మోసం చేసి, చేసినట్టు రాసిపెట్టుకున్న మనిషి తన సర్వీసులో ఒక్కరూ దొరకలేదు.

ఆ ఆదివారం అన్న ఒక్కసారి కూడా కొట్టుకోలేదు. తొమ్మిదిమందిలో ఆరోవాడు. నడిపేవాళ్ళు నిలబడే ఎత్తు అరుగు మెట్లు దిగుతూ ఎడమ చెయ్యి పైకెత్తి ఊపబోయాడు. అది భుజందాకా కూడా లేవలేదు.

"చెయ్యి వచ్చేసిందే!"

ఆమె నవ్వింది. సంతోషంగానే నవ్వింది. ఆ నవ్వు మాత్రం అబద్ధం కాదు.

మరుసటి వారం ఐదోవాడు. ఆ పై వారం నాలుగోవాడు.

గురువారం వదిన ఫోను చేసింది. ఆమె ఆఫీసులో ఉంది.

"మీ అన్న బంతి ముట్టుకుని పదిరోజులైంది. అడిగితే, చెయ్యి వచ్చేసిందిగా, పందెంలో నాలుగోవాణ్ణి, ఇంకా నాకు బంతులేమిటి అంటున్నాడు. నువ్వన్నా చెప్పమ్మా. నీ మాటయితే వింటాడు."

ఆరు నెలల్లో ఐదో నెల నడుస్తోంది.

ఎదురుగా బల్ల మీద ఆ వారం పట్టుకొచ్చిన తక్కెళ్ళు వరసగా ఉన్నాయి. ఒక్కోదానికి ఒక చీటీ. చీటీ మీద కొట్టువాడి పేరు. ఆమె ఒక్కో పేరూ చదువుకుంటూ వెళ్ళింది.

చెప్పకుండా సీసం తీసేస్తే మళ్ళీ టక్. చెప్పకుండా ఉంచేస్తే చెయ్యి ఉన్నచోటే ఆగిపోతుంది. చెబితే...

చెబితే ఏమవుతుందో తెలియదు. ఆమెకు భయమేసింది.

శనివారం మధ్యాహ్నం అన్న ఇంట్లో, అన్న ఎదురుగా, కిటికీ మూసింది. ఫ్యాను ఆపింది.

"ఎందుకే, ఇంత ఉడికిపోతుంటే?"

ఆమె కారు పైతొడుగు తీసి, సూదుల మీద పెట్టి, చేతులు వెనక్కి తీసుకుంది.

కారు ఎడమకు వాలింది.

అన్న చూశాడు. కుడి చేత్తో సరిచేసి, వదిలి, మళ్ళీ చూశాడు.

వాలింది.

"ఎంత?"

పుస్తకం అతని ముందుకు జరిపింది. చదివాడు. ఒక పేజీ వెనక్కి తిప్పాడు. ఇంకో పేజీ.

"రాసిపెట్టావు కూడానా!" అన్నాడు. నవ్వబోయినట్టున్నాడు. నవ్వు రాలేదు. "ఊరందరి తక్కెళ్ళూ సరిచేసి, ఇంటికొచ్చి నాకు దొంగ తూకం వేశావటే?"

"నువ్వు రిమోటు సంచిలో పెట్టేశావు, అన్నయ్యా..."



వదిన గుమ్మంలో నిలబడింది. చేతిలో బంతి. లోపలికి రాలేదు.

అన్న పుస్తకం మూసి పక్కన పెట్టాడు. తర్వాత ఎడమ చెయ్యి బల్ల మీదికి తెచ్చాడు, మోచేతితో నెట్టుకుంటూ. చూపుడువేలు సీసం ముక్క అంచు మీద ఆనింది. గోరు కిందికి దూరలేదు. జారింది.

ఆమె చెయ్యి దానంతటదే ముందుకు వెళ్ళింది.

"ముట్టుకోకు."

వెనక్కి తీసుకుంది.

గోరు మళ్ళీ అంచు మీదికి వచ్చింది. జారింది. అన్న నుదుటి మీద చెమట కనుబొమ్మదాకా దిగింది. తుడుచుకోలేదు. మళ్ళీ వేలు పెట్టాడు. ఈసారి సీసం కింద టేపు ఒక మూల లేచింది, వెంట్రుకంత. లేచినట్టే అనిపించింది ఆమెకు.

ముగ్గురూ ఊపిరి బిగబట్టారు.

రెండు సూదిమొనలు. వాటి మీద కారు. ఆ వేలి కింద...

ఊగుతోంది.