చిలుక కన్ను ఊడలేదు గానీ

కాంతవ్వది సిరిసిల్ల. అమీర్‌పేటలో ముప్పై ఏళ్లుగా జాకెట్లు కుడుతోంది. మనవరాలు వెన్నెల పుట్టాక, మిగిలిన గుడ్డముక్కలతో ఆరు పేజీల బట్టపుస్తకం కుట్టింది. అందులో చిలుక, బస్సు, గొడుగు. పిల్ల నోట్లో పెట్టుకున్నా చిరగదు, తడిస్తే ఉతికి ఆరేయొచ్చు. పంజాగుట్టలో బొమ్మల షాపు నడిపే సొహైల్ అది చూసి నలభై తీసుకుంటానన్నాడు. కాకపోతే పిల్లల వస్తువు కాబట్టి ల్యాబ్ రిపోర్టు తెమ్మన్నాడు.

తన కుట్టు ఊడిందని ఇన్నేళ్లలో ఒక్కరూ వెనక్కి రాలేదు, మళ్లీ కాయితమెందుకని కాంతవ్వ చిన్నబుచ్చుకుంది. అయినా నలభై కుట్టి, అందులోంచి రెండు పుస్తకాలు సంచిలో వేసుకుని సోమాజిగూడలోని ల్యాబుకు పోయింది.

అక్కడ పరీక్షలు చేసే అమ్మాయి బతూల్. పుస్తకాలు ఇచ్చి వెళ్లమంటే కాంతవ్వ కదల్లేదు, తన కళ్లముందే చేయాలంది. చివరికి అద్దం ఇవతల నిలబడి చూడమని బతూల్ ఒప్పుకుంది.

ముందు చిలుక కన్ను. అది నల్ల గుండీ. మిషన్ దాన్ని పట్టుకుని మెల్లగా లాగుతుంటే కాంతవ్వ తన కన్నే లాగుతున్నట్టు మొహం పెట్టింది. గుండీ ఊడలేదు. పక్కన కూర్చున్న ఎవరో పెద్దాయనకు అది తానే కుట్టానని చెప్పుకుంది.

తర్వాత పేజీ అంచు. పర్రుమని విచ్చుకుంది. చప్పుడు కోసం లోపల పెట్టిన ప్లాస్టిక్ కాయితం బయటికొచ్చింది.

బతూల్ ఆ పుస్తకం పట్టుకుని బయటికొచ్చింది.

"మిషన్ మస్తు గట్టిగ గుంజింది బిడ్డా. పసిపిల్ల గంత గుంజుతదా?" అంది కాంతవ్వ.

"ఒక్కసారే గుంజదమ్మా. రోజూ గుంజుతది, నములుతది. కాయితం బయటికొస్తే నోట్లో పెట్టుకుంటది. అప్పుడు మీరు పక్కన ఉండరు కదా."

కాంతవ్వ ఊడిన కుట్టును వేలితో తడిమింది. పేజీ మందంగా ఉంది, సూది విరుగుతుందని తానే కుట్టు దూరం దూరంగా వేసింది. ఆ సంగతి మిషన్ చెప్పకముందే ఆమెకు తెలుసు.

ఇంటికొచ్చి మిగిలినవన్నీ ముందేసుకుంది. పైనుంచి ఇంకో కుట్టు వేస్తే సరిపోదా అని కోడలు ప్రమోద అడిగింది. కాంతవ్వ వినలేదు. అన్నీ విప్పి, ప్లాస్టిక్ తీసేసి, లావు సూదితో అంచు మడిచి రెండు వరుసలు దగ్గరగా కుట్టింది. వారం పట్టింది. పెళ్లి జాకెట్లు ఆలస్యమయ్యాయి. పెళ్లికూతురి తల్లి గొడవకొస్తే, ఆమె చేతికి ఒక పుస్తకమిచ్చి చింపి చూపించమంది. ఆవిడ రెండు చేతులా గుంజి, గుంజి, చివరికి నవ్వేసి మంచినీళ్లు అడిగింది.

రెండోసారి ల్యాబు పరీక్షలో అన్నీ నిలిచాయి. సొహైల్ మిగతా పుస్తకాలన్నీ తీసుకున్నాడు. రిపోర్టుకు జిరాక్స్ తీయించి, లామినేషన్ చేయించి, కాంతవ్వ తన కుట్టుమిషన్ పైన గోడకు తగిలించింది. జాకెట్లు కుట్టించుకోవడానికొచ్చిన ఆడవాళ్లు తమవాటికి రిపోర్టు ఏదని ఆటపట్టిస్తుంటారు. కాంతవ్వ తలెత్తకుండా కొలతలు రాసుకుంటుంది.