గ్రూపులోంచి తీసేసిన పేరు

సఖినేటిపల్లి రేవు నుంచి పొద్దున్నే జనాన్ని అవతలి ఒడ్డుకు దాటించే పంటు బయల్దేరింది. మంచులో ఏది గోదారో ఏది ఆకాశమో తెలియడం లేదు. పంటు మీదున్న రొయ్యల వ్యాపారి సురేంద్ర, తానూ ఒక అడ్మిన్‌గా ఉన్న క్రిప్టో కాయిన్ గ్రూపులో శుభోదయం పెట్టాడు. వందలమంది బదులిచ్చారు. ఒక్కరి మొహమూ చూడకపోయినా వాళ్ళంతా అతనికి సొంత మనుషులే. ఆ కాయిన్‌ను ఎవరైనా శంకిస్తే తన ఇంటివాళ్ళను తిట్టినట్టుండేది.

పక్కనున్న పెద్దావిడ అతని ఫోన్ చూసింది.

"మీరూ ఇందులో ఉన్నారాండీ? నా పేరు నూకరత్నం, టీచరుగా చేసి రిటైరయ్యాను. ఈ కాయిన్ వెనకాల ఎవరున్నారని ఒక్క మాట అడిగానండి. ద్రోహి అని తీసేశారు."

సురేంద్ర ఫోన్ కిందికి దించాడు. ఆ పేరు తీసేసింది తనే. అందరూ మెచ్చుకుంటుంటే ఆ రోజు ఒళ్ళు పులకరించింది కూడా.

"డబ్బు సంగతి సరే. ఆ పలకరింపులు లేకే ఇల్లు బావురుమంటోందండి."

"తీసేసింది నేనేనండి," అన్నాడు సురేంద్ర.

ఆవిడ అతని వైపు తిరిగింది. "ఇంతకీ దాని వెనకాల ఎవరున్నారు బాబూ?"

"తెలీదండి. నేనెప్పుడూ అడగలేదు."

అతను అప్పటికప్పుడు ఆ ప్రశ్నే గ్రూపులో పెట్టాడు. నరసాపురం ఒడ్డు మసకగా కనబడేసరికి, తోటి అడ్మిన్లు అతన్నీ తీసేశారు. ఫోన్ మూగబోయింది. విచిత్రంగా, ఒళ్ళు తేలికైనట్టనిపించింది.

"కాఫీ తాగుదాం రండి," అంది నూకరత్నం.