తెగిన పొర

చెల్లెలు విల్లు ఎత్తగానే విల్లక్కకు పై ప్రాణాలు పైనే పోయాయి.

వీధి మొత్తం ఆమెను విల్లక్క అనే పిలుస్తుంది. ఇరవై ఏళ్లుగా కర్ర విల్లులు చెక్కుతోంది మరి. అంత అనుభవం ఉన్న మనిషి చేయకూడని పనే చేసింది. విల్లు వీపు, అంటే లాగేటప్పుడు ఎదుటివైపు ఉండే ముఖం, ఈ కొస నుంచి ఆ కొస దాకా చెట్టు ఒక్క ఏడాదిలో వేసుకున్న ఒకే పొరగా ఉండాలి. మొన్న సాయంత్రం చిత్రిక పడుతూ పై కొమ్మ, అంటే పిడికి పైనున్న సగం, దగ్గర చేయి కాస్త ఎక్కువ నొక్కింది. గోరంత మేర పొర తెగింది. ఆ కర్రను అప్పుడే పొయ్యిలో పెట్టేస్తే పీడ వదిలేది. పెట్టలేదు. జిగురు రాసి, దారం బిగించి చుట్టి, పైన వార్నిష్ కొట్టింది. అందానికి చుట్టానని చెల్లెలికి చెప్పింది కూడా.

చెల్లెలి విలువిద్య పోటీ రేపే. మూడు నెలలుగా ఆమెది ఒకటే పోరు.

"వెడల్పు విల్లు వద్దక్కా. దాంతో బాణం బద్ధకంగా పోతుంది."

"పోనీ సన్నంగా, పొడుగ్గా చెక్కనా? లాగడానికి హాయిగా ఉంటుంది."

"నాకంటే పొడుగున్నదాన్ని పోటీలో మోకాళ్ల మీద కూర్చుని ఎలా లాగను? పొట్టిది, కొసలు ముందుకు వంచినది కావాలి."

అదీ సంగతి. వెడల్పు విల్లు భారాన్ని ఒళ్లంతా పంచుకుంటుంది. చెక్కినవాళ్లు చిన్న తప్పు చేసినా కడుపులో పెట్టుకుంటుంది. కొసలు వంచిన పొట్టి విల్లు అలా కాదు. బాణాన్ని రివ్వున పంపుతుంది గానీ, దాని కర్ర ఎప్పుడూ ఊపిరి బిగబట్టుకునే ఉంటుంది. గోరంత కోత చాలు, లాగినవాళ్ల మొహం మీదే పగులుతుంది. ఇదంతా తెలిసే ఒప్పుకుంది మహాతల్లి. ఒక్కగానొక్క చెల్లెలు మొహం మాడ్చుకుంటే చూడలేదట.

ఇప్పుడు ఆ చెల్లెలే పనిగది మధ్యలో మోకాళ్ల మీద కూర్చుని నారిని సగం దాకా లాగింది. విల్లక్కను చెప్పేయ్, చెప్పేయ్ అని లోపల్నుంచి ఎవరో తరుముతున్నట్టుంది. పోటీ పోతుందని ఒక భయం, పిల్ల కన్ను పోతుందని ఒక భయం. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి తూచుతున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

ముప్పావు దాకా లాగింది. దారం చుట్టు కింద టిక్కుమంది.

"ఆగు," అంది విల్లక్క. "వదలకు. మెల్లగా దించు."

"ఏమైంది? దారం సర్దుకుంది, అంతే."

"నీకు పుణ్యముంటుంది, దించవే. మొహం పక్కకు తిప్పుకుని దించు."

బాణం లేని నారిని ఒక్కసారిగా వదిలినా విల్లు పగలవచ్చు. అంగుళం అంగుళం ముందుకు వెళ్తున్న ఆ వేళ్లను చూస్తూ విల్లక్క చూపు తిప్పలేదు. నారి వదులయ్యాక చెక్కపొట్టు మీదే కూలబడింది.

"పొర తెగిందే. ఆ దారం అందానికి కాదు."

చెల్లెలు విల్లును గోడ కొక్కేనికి తగిలించి, నారికి తాడు కట్టి, కప్పీ మీదుగా గది బయటికి తెచ్చి, తలుపు చాటు నుంచి లాగింది. పూర్తిగా, పదిసార్లు. విల్లు చెక్కుచెదరలేదు.

"చూశావా, నిక్షేపంలా ఉంది. రేపు దీంతోనే వెళ్తాను."

విరిగి ఉంటే విల్లక్క బతికిపోయేది. విరగనందుకు ఇంకా భయం వేసింది. పదకొండోసారి సంగతి ఎవరికి తెలుసు? లేచి, చెల్లెలు అడ్డం వచ్చేలోపే విల్లును బల్లకు అదిమిపెట్టి రంపంతో నడిమికి కోసేసింది.

చెల్లెలు మూలనున్న వెడల్పు విల్లు తీసింది. నిరుడు అక్క చెక్కిందే. నారి ఎక్కించి అక్క చేతికిచ్చింది.

"ముందు నువ్వు లాగు. నేను చూస్తాను."

"దీంట్లో ఏ తప్పూ లేదే. నా మాట నమ్ము."

"ముందు నువ్వు లాగక్కా."

రెండేళ్ల కిందట భుజం జారినప్పటి నుంచి విల్లక్క విల్లు లాగనే లేదు. ఆ రోజు ఆసుపత్రికి తీసుకెళ్లింది ఈ చెల్లెలే. విల్లక్క నారి పట్టుకుంది. సగానికే భుజంలో మంట లేచింది. చాల్లే అక్కా అంటుందేమోనని కళ్లెత్తి చూసింది.

చెల్లెలు గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని, విల్లు పై కొమ్మనే చూస్తోంది.

విల్లక్క ఇంకాస్త లాగింది.