రెండో పంపు

ముప్పై ఒక్క ఏళ్ళు యంత్రాలు విన్నాను. అందులో చివరి ఎనిమిదేళ్ళు విన్నట్టు నటించాను. ఈ ముక్క ముందే చెప్పేస్తే మనసు కాస్త తేలికపడుతుందనుకున్నా గానీ, ఏం పడలేదు.

మాది కరెంటు తయారుచేసే కంపెనీ. పదిహేడు దేశాల్లో ప్లాంట్లున్నాయని గొప్పగా చెప్పుకుంటుంది. మా క్యాంటీన్ గోడ మీద రంగుల చక్రం బొమ్మ ఒకటి ఉండేది, సిబ్బందిలో ఎవరెంతమంది అని. పర్మినెంటు వాళ్ళు ఆకుపచ్చ, కాంట్రాక్టు వాళ్ళు బూడిదరంగు, అప్రెంటిస్‌లు పసుపు. పసుపులో ఆడవాళ్ళది దారమంత గీత. ఆ గీతంతా ఒక్క మనిషే. జుట్టు ముడిలో ఎప్పుడూ పెన్సిలు గుచ్చుకుని తిరిగేది కాబట్టి పెన్సిలమ్మ అని పిలిచేవాణ్ణి.

"మా నాన్న ఇరవై రెండేళ్ళు ఆ బూడిదరంగులోనే ఉండిపోయాడు మాస్టారూ," అంది మొదటి వారంలో. "ఇక్కడే పనిచేశాడు, ఇక్కడే నడుం పోగొట్టుకున్నాడు. నేనైనా ఆకుపచ్చలోకి వెళ్ళాలి." ఆ ఏడాది పర్మినెంటు ఖాళీ ఒక్కటే. వయసు దాటిపోతోంది, ఆ పిల్లకి అదే ఆఖరి అవకాశం.

నేను నేర్పేది కడ్డీ పని. ఇనుప కడ్డీ ఒక కొస పంపు బేరింగు మీద పెట్టి, రెండో కొస చెవికి ఆనించి వినాలి. బాగున్న బేరింగు ఒకే తీరున గుర్రు పెడుతుంది. పోయేదైతే మధ్యమధ్య ఇసుక నమిలినట్టు కరకరలాడుతుంది. బేరింగు అదురు కొలిచే మీటర్లు వచ్చాక ఈ పరీక్ష ఎత్తేద్దామన్నారు. మీటరు వాళ్ళొచ్చేది నెలకోసారి, అప్పటిదాకా బేరింగు ఆగుతుందా అని నానా యాగీ చేసి నేనే ఎత్తేయనివ్వలేదు. "విన్నది చెప్పాలి. ఎదుటివాడి మొహం చూసి చెప్పకూడదు" అని ప్రతి బ్యాచికీ దంచేవాణ్ణి.

అప్పటికే నా ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగం. టీవీ సౌండు గురించి గొడవపడీ పడీ విసిగి, మా ఆవిడ పక్కింటికెళ్ళి చూడటం మొదలుపెట్టింది. ఏటా జరిగే చెవి పరీక్షలో నర్సు వేలు శబ్దం వదిలే మీట మీద ఎప్పుడు కదులుతుందో కనిపెట్టి, వినపడినట్టు చెయ్యెత్తేవాణ్ణి. సంగతి బయటపడితే మాస్టారు కుర్చీ పోతుంది. ఆ కుర్చీ లేకపోతే నేనెవణ్ణి?

పరీక్ష రోజు మూడు పంపులు. మూడోదాంట్లో అరిగిపోయిన బేరింగు ముందురోజు నేనే బిగించాను. పెన్సిలమ్మ మూడింటి దగ్గరా కూర్చుని, కళ్ళు మూసుకుని వింది.

"మూడోది పోయింది మాస్టారూ. రెండోది కూడా పోతోంది."

మంచి పంపుని పాడైందంటే పరీక్ష తప్పినట్టే. ఊరికే యంత్రం ఆపించే ఫిట్టరు ఎవరికీ అక్కర్లేదు. వెళ్ళి రెండోదాని మీద కడ్డీ పెట్టాను. చెవికి చల్లటి ఇనుము తగిలింది, అంతే.

"రెండోది బాగానే ఉంది."

ఆ పిల్ల నా కుడిపక్కకి వచ్చింది. "ఇంకోసారి వింటారా?"

"నువ్వు పుట్టకముందు నుంచీ వింటున్నా. నాకే చెప్తున్నావా?"

మిగతా అప్రెంటిస్‌లు తలలు దించుకున్నారు. ఫారంలో తప్పు గుర్తు పెట్టి సంతకం గీకాను. అందరూ కోపం అనుకున్నారు. కాదు, భయం.

పదకొండో రోజు రెండో పంపు పట్టేసి ఆగిపోయింది. షెడ్డంతా కాలిన గ్రీజు కంపు. విప్పి చూస్తే బేరింగు గుండ్లు చదునైపోయి ఉన్నాయి. రెండు గుండ్లు జేబులో వేసుకుని తిన్నగా సిబ్బంది ఆఫీసుకెళ్ళి, అక్కడి మేడమ్ టేబులు మీద పెట్టాను.

"ఆ అమ్మాయి పాస్. చెవుల్లేనిది నాకే. ఎనిమిదేళ్ళయింది."

ఆవిడ తల వంచుకుంది. ఏమైనా అందేమో, నాకు తెలియలేదు. తర్వాత కాగితం మీద రాసి నా వైపు తిప్పింది. పరీక్ష ఫలితాల జాబితా హెడ్డాఫీసుకి వెళ్ళిపోయిందట, ఆ పోస్టు వేరే ప్లాంటుకి ఇచ్చేశారట. కింద ఇంకో వాక్యం: రేపటి నుంచి మీరు షెడ్డులోకి రావద్దు.

"మరి నా పోస్టు ఖాళీయే కదా, అదైనా ఇవ్వండి!"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. నా తర్వాత ఇంక మీటర్లేనట.

బ్యాచి గడువు కూడా ఆ రోజుతోనే సరి. పెన్సిలమ్మ కార్డు అప్పగించి, గేటు బయట బస్సు కోసం నిలబడి ఉంది. జరిగిందంతా చెప్పాను.

"నాకు మొదటి నెలలోనే తెలుసు మాస్టారూ," అంది నిదానంగా, పెదాలు బాగా కదుపుతూ.

అప్పుడు తట్టింది. ఏడాదంతా ఆ పిల్ల ఒక్కసారి కూడా నా ఎడమపక్క నిలబడలేదు.

"తెలిసీ రెండోది అని ఎందుకన్నావమ్మా? మూడోది ఒక్కటే అంటే ఉద్యోగం వచ్చేది కదా!"

"విన్నది చెప్పమన్నారుగా."

"పోనీ నా సంగతి పైవాళ్ళకి చెప్పొచ్చుగా?"

"చెప్తే మిమ్మల్ని పంపించేస్తారు. అప్పుడు నాకెవరు నేర్పుతారు?"

ఏడ్చాను. గార్డు చూస్తున్నా సిగ్గుపడకుండా ఏడ్చాను.

బస్సొచ్చింది. ఆ పిల్ల ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంది. బస్సు నా ఎడమపక్క నుంచి కదులుతుంటే తల బయటపెట్టి ఏదో అంది. ఎనిమిదేళ్ళ అలవాటు కదా, నవ్వి తలూపాను. ఆమె ఇంకా నా వంకే చూస్తోంది. ఏదో అడిగిందని, జవాబు కోసం చూస్తోందని అప్పుడర్థమైంది.

"మళ్ళీ చెప్పమ్మా, వినపడలేదు!" అని అరిచాను. ఎనిమిదేళ్ళలో ఎవరితోనూ అనని మాట. అప్పటికే బస్సు మలుపు తిరిగిపోయింది.