చెయ్యి పెట్టకూడని బ్యాగు

విమానం మారడానికి యాభై నిమిషాలే ఉంది. మర్నాడు ఉదయం తొమ్మిదింటికి సిడ్నీలో క్రిస్టినా పెళ్ళి. చల్లపల్లిలో ఆ పిల్ల జ్ఞానస్నానానికి ఫొటోలు తీసింది జయపాలే. అందుకే పెళ్ళికీ అతనే తియ్యాలని వాళ్ళ నాన్న అంతోని పట్టుబట్టి హనుమాన్ జంక్షన్ నుంచి జయపాల్‌నీ, భార్య స్టెల్లానీ రప్పిస్తున్నాడు. ఈ విమానం తప్పితే తరవాతది దిగేసరికి మధ్యాహ్నం.

స్టెల్లా తనిఖీ ముందే అయిపోయింది. అవతల జయపాల్ కెమెరా బ్యాగులోంచి ఒక్కో లెన్సూ తీసి, చేతిరుమాలు పరిచి మరీ ట్రేలో పెడుతున్నాడు.

"బ్యాగు మీరే సర్దుకున్నారా?" అధికారి ఇంగ్లీషులో అడిగాడు.

"నేనే సార్. మా ఆవిణ్ణి కూడా చెయ్యి పెట్టనివ్వను," అన్నాడు జయపాల్, కాస్త గర్వంగానే.

అధికారి ఖాళీ బ్యాగును మళ్ళీ మిషన్లోకి పంపాడు. అడుగున స్పాంజి లేపి నాలుగు గుడ్డ మూటలు తీశాడు. ఒకటి కత్తిరిస్తే తెల్లటి పొడి రాలింది.

స్టెల్లా ఆ మూటల్ని గుర్తుపట్టింది.

అది ఉప్పు. చెమ్మ పీలుస్తుందని రాళ్ళుప్పు మూకుట్లో వేయించి, దంచి, తనే మూటలు కుట్టింది. వానాకాలం వస్తే వాళ్ళ ఇంటి గోడలే చెమ్మగిల్లుతాయి, లెన్సులకి బూజు పట్టదా? మొదట్లో ఆ మాటంటే, "నీ వంటింటి వైద్యం నా కెమెరాలకొద్దు," అని కసిరాడు. అప్పట్నుంచీ ఏటా ఆయన స్నానానికెళ్ళినప్పుడు చెప్పకుండా మూటలు మారుస్తోంది. పదకొండేళ్ళుగా తన లెన్సులకి బూజు పట్టలేదని ఆయన తోటి ఫొటోగ్రాఫర్లందరికీ చెప్పుకుంటాడు.

ఇద్దరు పోలీసులు వచ్చి మూటలతో సహా జయపాల్‌ని గాజు గదిలోకి తీసుకుపోయారు. మత్తుమందుతో పట్టుబడితే ఉరిశిక్ష అని విమానం దిగగానే గోడ మీద చదివింది స్టెల్లా. వాళ్ళ వెనకే గదిలోకి పరుగెత్తింది.

"సాల్ట్ సార్. కిచెన్ సాల్ట్. నేనే పెట్టాను," అంది వచ్చిన ఇంగ్లీషులో.

"తనే సర్దానన్నాడు మీ ఆయన. ఇద్దర్లో ఎవరిది అబద్ధం?" అన్నాడు ఒక పోలీసు.

జయపాల్ తెలుగులో గదమాయించాడు. "నోర్మూసుకో స్టెల్లా. నీ నెత్తినేసుకోకు. ఎవడో పెట్టుంటాడు."

"ఎవరో కాదండీ. మీ పాత పంచె గుడ్డే. అంచు చూడండి."

జయపాల్ వంగి చూశాడు. తన పంచె అంచే.

"కావాలంటే తిని చూపిస్తా," అంటూ ఆమె మూట మీదికి చెయ్యి చాచింది. ఇద్దర్లో ఆడ పోలీసు ఆ చెయ్యి వెనక్కి విరిచి పట్టుకుంది.

పొడి పరీక్షకి వెళ్ళింది. కాసేపటికి మైకులో పిలుపు వినపడింది.

"ఏవండీ, మన పేర్లే."

"వినపడుతోందిలే."

మళ్ళీ పిలిచారు. ఆ తరవాత పిలవలేదు.

చివరికి ఒకతను వచ్చి ఉప్పేనన్నాడు, వెళ్ళొచ్చన్నాడు. ఇద్దరూ లెన్సులు గుండెలకి హత్తుకుని పరుగెత్తారు. గేటు దగ్గర ఎవరూ లేరు. అద్దాల అవతల విమానం వెనక్కి జరుగుతోంది.

జయపాల్ నేల మీద కూలబడ్డాడు. "ఒక్క మాట చెప్పుంటే తీసేసి వచ్చేవాణ్ణి కదే."

"చెప్తే ఇంట్లోనే విసిరికొట్టేవారు."

ఫోన్ మోగింది. అంతోని. జయపాల్ దానికేసి చూస్తూ ఉండిపోయాడు. స్టెల్లాయే తీసింది.

"ఎక్కారా అమ్మా?"

"లేదన్నయ్యగారూ. తప్పిపోయింది. పెళ్ళి సాయంత్రానికి జరపడానికి..."

"చర్చి పొద్దున్నే ఇచ్చారమ్మా. తరవాత ఇంకో పెళ్ళుంది." అంతోని గొంతు తగ్గింది. వెనక ఆడవాళ్ళు నలుగు పెడుతూ నవ్వుతున్నారు. "ఇప్పుడు పిల్లకేం చెప్పను?"

"ఫోన్ తనకివ్వండి. నేను చేసిన పని, నేనే చెప్తాను," అంది స్టెల్లా.

అవతల అంతోని కూతుర్ని పిలుస్తున్నాడు.