ఒకే సమావేశం, రెండు తీర్మానాలు

నేను ఒక తీర్మానాల పుస్తకాన్ని. గంటివలస పంచాయతీ సభ్యులు ఏం నిర్ణయించారో రాసి, కింద సంతకాలు పెట్టేది నాలోనే. ఎర్ర గుడ్డ వీపు, గట్టి అట్ట, రెండు వందల పేజీలు. ప్రతి పేజీకీ నెంబరు అచ్చు వేసి, ఇందులోంచి ఒక్క కాగితం చింపినా దొరికిపోతారని నన్ను బైండు చేసిన ముసలాయన గర్వంగా చెప్పేవాడు. చింపాల్సిన అవసరమే లేదని ఆయనకి తెలీదు.

కొట్టు నుంచి నన్ను తెచ్చింది పంచాయతీ కార్యదర్శి వీరభద్రం. మంచివాడు. మూడు ఊళ్లకి ఆయనొక్కడే. సంచిలో నన్నూ, పెరుగన్నం క్యారేజీనీ పక్కపక్కనే పెట్టుకుని తిరిగేవాడు. నా పన్నెండో పేజీ అంచున ఇప్పటికీ ఆ పెరుగు మరక ఉంది.

ఆయన పని పద్ధతి మొదటి సమావేశంలోనే చూశాను. ముందు సంతకాలు, తర్వాత రాత. సభ్యులకి పొలం పనులు, ఆయనకి బస్సు. అందుకని ఖాళీ పేజీ కింద అందరూ సంతకాలు పెట్టేసి వెళ్లిపోయేవారు. మర్నాడు ఆయన తీరిగ్గా కూర్చుని పైన తీర్మానం రాసేవాడు. ఎందుకైనా మంచిదని ఇంకో ఖాళీ పేజీ మీద కూడా పెట్టించుకునేవాడు. ఎవరూ తప్పు పట్టలేదు. పెళ్లిలో విస్తళ్లు ముందు వేసి వంటలు తర్వాత తెచ్చినట్టే అనుకున్నారు.

నాలుగో వార్డు సభ్యురాలు చిన్నమ్మడు మాత్రం సంతకానికి చాలాసేపు తీసుకునేది. జీడిపిక్కల ఫ్యాక్టరీలో పిక్కలు ఒలిచి ఒలిచి ఆమె వేళ్లు నల్లబడి బండబారాయి. రెండేళ్ల కిందటి దాకా వేలిముద్రే. కూతురు ముత్యాలు ఊరి బళ్లో నేర్చుకున్న అక్షరాలే రాత్రుళ్లు పొయ్యి దగ్గర తల్లికీ నేర్పింది. పేరు రాయడం అయ్యాక చిన్నమ్మడు కాసేపు దాన్నే చూసుకునేది. వెనక నిలబడ్డవాళ్లు, "ఆరబెడతన్నావేటే?" అని నవ్వేవారు.

ఆ ఏడు జూన్ సమావేశంలో బడి మాట వచ్చింది. ప్రభుత్వ బడులకు రాష్ట్రం ఇచ్చే నిధులు పెంచాలని పంచాయతీలన్నీ తీర్మానం చేసి పంపుతున్నాయి. మన బళ్లో ఒక గది కురుస్తోంది, ఐదు తరగతులకీ ఒక్క పంతులమ్మే, మనమూ పంపాలని సర్పంచి సన్యాసినాయుడు చాలాసేపు మాట్లాడాడు. ఎన్నడూ నోరెత్తని చిన్నమ్మడు కూడా లేచింది. తాను పొద్దున్న ఆరింటికే ఫ్యాక్టరీకి పోతాననీ, బడి ఇంటి ఎదురుగా ఉంది కాబట్టే ముత్యాలు చదువుకుంటోందనీ, ఇంకో గది, ఇంకో పంతులు ఉంటే చాలనీ చెప్పింది. అందరూ అవునన్నారు. ఎప్పటిలాగే రెండు ఖాళీ పేజీల మీద సంతకాలు పెట్టారు. నాకు ఆ రోజు గర్వంగా అనిపించింది.

మర్నాడు వీరభద్రం నలభై ఆరో పేజీలో నిధులు పెంచాలని చక్కగా రాశాడు. ఇంతలో ఫోను మోగింది. పై ఆఫీసు నుంచి ఒక తీర్మానం నమూనా వచ్చింది, సాయంత్రంలోగా ప్రతి పంచాయతీ నుంచీ కావాలట. ఆయన నలభై ఏడో పేజీ తెరిచాడు. ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, పక్క ఊరి మంచినీళ్ల మోటారు గురించి మాట్లాడుతూనే, నమూనా చూసి రాయసాగాడు. పిల్లలు తక్కువగా ఉన్నందున మా గ్రామంలోని బడిని హైవే అవతలి బడిలో కలపడానికి మా పంచాయతీకి అభ్యంతరం లేదు. ఏకగ్రీవం.

నేను నిర్ఘాంతపోయాను. ఆ అక్షరాల కింద, ఇంకా కొత్తగా మెరుస్తూ, చిన్నమ్మడు సంతకం ఉంది. పుస్తకం అరవగలిగితే ఆ మధ్యాహ్నం నేను అరిచేదాన్ని. ఆయన క్యారేజీ విప్పి అన్నం తిన్నాడు.

ఆగస్టులో బడికి తాళం పడింది. అడగడానికి వచ్చిన చిన్నమ్మడు ముందు వీరభద్రం నన్నే తెరిచి పెట్టాడు. ఆమె వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. చివర తన పేరు దగ్గర వేలు ఆగింది.

"సంతకం నాదే బాబూ," అంది. "ఈ మాట నాది కాదు."

ఆయన ముఖం పాలిపోయింది. తానేం రాశాడో ఆయన కూడా అప్పుడే మొదటిసారి చదివాడు. ఆమెని కూర్చోమని, పై ఆఫీసుకు పరుగెత్తాడు. ఉత్తర్వులు వచ్చేశాయి, సంతకాలు మీవేగా అన్నారట.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. నలభై ఆరో పేజీ ఫలించింది! రాష్ట్రం నిధులు పెంచింది. చుట్టుపక్కల బడులకు గదులు, ఫ్యాన్లు వచ్చాయి, పంతుళ్లు వచ్చారు. ఆ జాబితాలో గంటివలస పేరు లేదు, ఎందుకంటే గంటివలసలో బడి లేదు. హైవే దాటించేవాళ్లు లేక ముత్యాలు ఇంట్లోనే ఉండి తమ్ముణ్ణి ఎత్తుకుంటోంది.

ఖాళీగా ఉందని పంచాయతీ ఆఫీసుని ఆ బళ్లోకే మార్చారు. నేనిప్పుడు సుద్దముక్కలు దాచుకునే బీరువాలో ఉంటున్నాను. మొన్న మొదటి సమావేశం జరిగింది. పెద్దవాళ్లు మోకాళ్లు గడ్డానికి తగిలేలా చిన్న బెంచీల మీద కూర్చున్నారు. వచ్చే ఏడు బడ్జెట్‌లో ప్రభుత్వ బడులకు ఇంకా నిధులు పెంచాలని ఈసారీ తీర్మానం పంపాలన్నాడు సన్యాసినాయుడు. అందరూ అవునన్నారు.

"ఏ బడికి బాబూ?" అంది చిన్నమ్మడు.

వీరభద్రం ఈసారి తీర్మానం ముందే రాసి, గట్టిగా చదివి వినిపించాడు. ఒక్కొక్కరే వచ్చి సంతకం పెట్టి వెళ్లారు. చిన్నమ్మడు లేవలేదు. ఏకగ్రీవం అని రాయబోయిన ఆయన కలం నా మీద ఆగింది. సిరా చుక్క మాత్రం దిగి, కింద పేజీకి కూడా ఇంకింది.