ఏడో మనిషి

నెలలో రెండో గురువారం నాలుగు గంటలకు గడియారం ఆమె ఇంటికి వస్తాడు. అతని అసలు పేరు అది కాదు. నిమిషం తేడా రానివ్వడని ఆమె భర్త పెట్టిన పేరు. మూడంతస్తులు ఎక్కి, చేతికర్ర కుర్చీకి తగిలించి, ఒక కప్పు టీ తాగి, గోడ మీది అధికారపత్రాన్ని ఫ్రేముతో సహా తీసుకెళ్తాడు. మర్నాడు ఉదయం తెచ్చి మళ్ళీ తగిలిస్తాడు. భర్త పోయిన ఈ రెండేళ్ళలో ఆ ఇంటి గంట మోగించిన మనిషి అతనొక్కడే.

భర్త ఫ్రీమేసన్ లాడ్జికి, అంటే ఆ సోదర సంఘం ఊరి శాఖకు, పాతికేళ్ళు కార్యదర్శి. కొత్తలో కింది వాటా ఇల్లాలు, "మీవారు నెలనెలా లాడ్జికి వెళ్తారటగా, ఒంటరిగానేనా?" అని అడిగి ఇద్దర్నీ వారం రోజులు నవ్వించింది. ఆడవాళ్ళకు లోపలికి ప్రవేశం లేదు. అయినా ఉత్తరాలన్నీ టైపు చేసింది ఆమే కనుక, ఏది దేని కింద ఉంటుందో వంటింటి డబ్బాలంత బాగా తెలుసు. దేశం మొత్తానికి రాజధానిలో ఒక గ్రాండ్ లాడ్జి. దాని కింద ప్రాంతీయ లాడ్జీలు. వాటి కింద ఊళ్ళలో లాడ్జీలు, ఒక్కోదానికి ఒక నంబరు, ఒక అధికారపత్రం. ఆ పత్రం గదిలో లేకపోతే సభ సభ కాదు. ఏడుగురు లేకపోయినా కాదు.

ఇప్పుడు ఆరుగురే మిగిలారు. సభ కాకపోయినా పత్రం ముందు పెట్టుకుని కలుస్తూనే ఉన్నారు.

"చావడానిక్కూడా ఏడుగురు కావాలట వదినా," అన్నాడు గడియారం. లోపల అందరూ సోదరులు. ఆ వరస ఆమె దాకా వచ్చింది. గ్రాండ్ లాడ్జి పత్రం తిరిగి ఇవ్వమంది. ఇవ్వాలంటే సభలో తీర్మానం కావాలి. ఆమె భర్త కాగితాల్లో ఏదైనా దారి ఉందేమో చూడమన్నాడు.

దారి ఆమెకు తెలుసు. ఏడేళ్ళ క్రితం పక్క ఊరి లాడ్జి మూతపడినప్పుడు, ఏడుగురి లెక్క నిండేందుకు ప్రాంతీయ లాడ్జి నుంచి ఒక సోదరుణ్ణి పంపమని కోరిన ఉత్తరం ఆమె చేతి మీదుగానే వెళ్ళింది. నకలు బీరువా కింది అరలో, భర్త సభకు వేసుకెళ్ళే తెల్ల గ్లోవ్స్ కింద ఉంది. చూస్తానంది. చెబితే పత్రం పోతుంది, రెండో గురువారం కూడా మిగతా గురువారాల్లో కలిసిపోతుంది.

తర్వాతి నెల ఇంకా వెతుకుతున్నానంది. ఆ పై నెల బీరువా తాళంచెవి కనబడలేదంది. అది ఆమె నడుముకే ఉంది.

ఆ మరుసటి నెల నాలుగూ పదయినా గంట మోగలేదు. తలుపు తీసి తొంగిచూస్తే, రెండో అంతస్తు మెట్ల మీద మోకాలు పట్టుకుని కూర్చున్నాడు.

"వస్తున్నా వదినా, గడియారానికి కీ ఇచ్చుకుంటున్నా," అన్నాడు.

ఆమె టీ పెట్టి, బీరువా తీసి, నకలు అతని ముందుంచింది. అతను అద్దాలు మార్చుకుని రెండుసార్లు చదివాడు.

"ఎప్పుడు దొరికింది?"

"మొదట్నించీ ఉంది మరిదిగారూ."

అతను కప్పులో చివరి చుక్క దాకా తాగాడు. ఇవాళ చక్కెర తగ్గిందని మాత్రం అన్నాడు.

మరుసటి నెల ప్రాంతీయ లాడ్జి నుంచి ఏడో మనిషి వచ్చాడు. ఆ రోజు గడియారం వచ్చి, పత్రం ఫ్రేము ఒక చంకన పెట్టుకుని, లాడ్జి రిజిస్టర్ల సంచి రెండో చేత్తో పట్టుకుని, వెళ్ళొస్తానన్నాడు. ఇక దేనికి రావాలో ఇద్దరూ అనలేదు.

తలుపు వేసి వెనక్కి తిరిగితే కర్ర కుర్చీకే వేలాడుతోంది. అది ఇక్కడే ఉంటే, రేపో మాపో దానికోసమైనా రావాలి. మెట్ల మీద అతని అడుగు ఒకటి పడి, ఆగి, మరొకటి పడుతోంది.

ఆమె కర్ర అందుకుని, చెప్పులైనా వేసుకోకుండా దిగింది.